పిల్లికి ఒక్క యూనిట్ ఇన్సులిన్: ఎర్ర మూత సిరంజి, ఆరెంజ్ మూత సిరంజి, మధ్యలో మన లెక్క

పిల్లికి షుగర్ అని తేలగానే ఇంట్లో అందరికీ ముందు పట్టుకునే టెన్షన్ సూది గురించే. రోజుకి రెండుసార్లు పొడవాలట, గీరేస్తే ఎలా, కరిచేస్తే ఎలా, మంచం కింద దూరితే ఎవరు లాగుతారు అని. ఆ భయం చాలా ఇళ్లలో కొన్నాళ్లకే పోతుంది. ఇప్పటి ఇన్సులిన్ సూదులు 30, 31 గేజ్‌వి, మందం సుమారు పావు మిల్లీమీటరు. గిన్నెలో తల పెట్టి తింటున్న పిల్లికి అది దిగిన సంగతి చాలాసార్లు తెలియను కూడా తెలియదు. తేడా కొట్టేది కొలత దగ్గర. మన దేశంలో అయితే మరీను, ఎందుకంటే ఇక్కడ ఒకే మందుల షాపులో రెండు బలాల ఇన్సులినూ, రెండు రకాల సిరంజిలూ పక్కపక్కనే దొరుకుతాయి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి.

ముందు అంకెలు. పిల్లికి సాధారణంగా కిలో బరువుకి పావు యూనిట్ నుంచి అర యూనిట్ లెక్కన పూటకి మొదలుపెడతారు. నాలుగు కిలోల పిల్లికి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మహా అయితే రెండు. ఇంట్లో తాతయ్య పూటకి 20 పాయింట్లు, అంటే 20 యూనిట్లు, వేసుకుంటూ ఉంటే, ఆయన సిరంజిలో అర పాయింటు అటూ ఇటూ అయినా రెండున్నర శాతం తేడా, ఎవరికీ ఏమీ కాదు. ఒక యూనిట్ వేయాల్సిన పిల్లికి అదే అర పాయింటు సగం డోసు. 100 బలం ఇన్సులిన్‌లో, అంటే మిల్లీలీటరుకి 100 యూనిట్లు ఉండేదాంట్లో, ఒక యూనిట్ అంటే 0.01 మిల్లీలీటరు. మామూలు డ్రాపర్‌తో వదిలే ఒక్క చుక్కలో అలాంటివి ఐదు యూనిట్లు పడతాయి. అంటే పిల్లి డోసు చుక్క కూడా కాదు, చుక్కలో ఐదో వంతు. దాన్ని ఆరు వందల చదరపు అడుగుల ఫ్లాట్‌లో, పొద్దున ఆరింటికి, ఆఫీసు హడావుడిలో, కళ్లజోడు వెతుక్కుంటూ కొలవాలి. (ఇన్సులిన్ యూనిట్ అనే కొలతనే 1920ల్లో కుందేళ్లకి ఎక్కించి, వాటి రక్తంలో చక్కెర ఎంత పడిందో చూసి నిర్ణయించారు. చిన్న ప్రాణి దగ్గర పుట్టిన కొలతే, మనుషుల దగ్గరికి వచ్చాక పదులూ ఇరవైలూ అయింది.)

ఇక 40, 100 గొడవ. మన దగ్గర మనుషులకి అమ్మే మామూలు ఇన్సులిన్ సీసాలు, అంటే మిక్స్‌టార్డ్, హ్యూమిన్సులిన్ లాంటివి, ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లవి. లాంటస్, బేసలాగ్ లాంటి గ్లార్జిన్ ఇన్సులిన్, పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జ్‌లు మిల్లీలీటరుకి 100 యూనిట్లవి. జంతువుల కోసమే తయారుచేసే కానిన్సులిన్ మళ్లీ 40. సిరంజిలు కూడా దానికి తగ్గట్టే రెండు రకాలు: ఎర్ర మూతది 40 కి, ఆరెంజ్ మూతది 100 కి. ట్యూబ్‌లైట్ వెలుగులో ఆ ఎరుపుకీ ఆ ఆరెంజ్‌కీ తేడా చెప్పడం అంత తేలికేం కాదు, అందుకే మూత రంగుని నమ్ముకోకుండా సిరంజి మీద అచ్చు వేసిన అంకె చదవాలి.

మా విశాఖలో కేజీహెచ్ పెద్దాసుపత్రి ఎదురుగా ఉన్న మందుల షాపుల్లో సాయంత్రం పూట రద్దీలో జరిగే మాట ఇలా ఉంటుంది. "ఇన్సులిన్ సిరంజిలు పది ఇవ్వండి." "నలభయ్యా, వందా అండీ?" "పిల్లికండీ." "పిల్లికైనా మనిషికైనా ఏదో ఒకటి చెప్పాలి కదండీ, మీ సీసా మీద ఏటుంది?" ఇలా అడిగే షాపువాడు దొరికితే అదృష్టమే. అడగనివాడు ఎక్కువమంది కొనేదాన్ని తీసి చేతిలో పెడతాడు, అది చాలాసార్లు ఎర్ర మూతదే అవుతుంది. అందుకే సిరంజిలకి వెళ్లేటప్పుడు సీసా లేబుల్ ఫోటో ఫోన్‌లో ఉండాలి. "లాంటస్‌కి" అని పేరు చెప్పడం కంటే "వంద యూనిట్ల ఇన్సులిన్‌కి, 0.3 ఎంఎల్ సిరంజి" అని చెప్పడం మేలు.

రెండూ తారుమారైతే ఏమవుతుందో లెక్క వేసి చూస్తే విషయం అర్థమవుతుంది. 40 సిరంజిలో ఒక గీత 0.025 మిల్లీలీటరు. అందులో 100 బలం గ్లార్జిన్ నింపి ఒక గీత దాకా లాగితే పిల్లికి వెళ్లేది రెండున్నర యూనిట్లు. రెండు గీతలైతే ఐదు. నాలుగు కిలోల పిల్లికి ఇది ఆసుపత్రిలో తేలే వ్యవహారం. ఇది అందరికీ తెలిసిన ప్రమాదమే, ఎక్కడైనా రాసి ఉంటుంది.

ఎక్కువ మోసం చేసేది దీనికి తిరగేసిన తప్పు. 40 బలం ఇన్సులిన్‌ని 100 సిరంజితో వేస్తే, ఒక గీతకి వెళ్లేది 0.4 యూనిట్ మాత్రమే. పిల్లికి అప్పటికప్పుడు ఏమీ కాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. షుగర్ దిగదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎంత వేస్తున్నారని అడుగుతారు, ఒకటి అంటారు, సరే ఒకటిన్నర చేయండి అంటారు, దిగదు, రెండు, తర్వాత మూడు. మూడు గీతల దగ్గర నిజంగా వెళ్తున్నది 1.2 యూనిట్లు, షుగర్ కుదురుకుంటుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ తర్వాత ఒకరోజు సిరంజిలు అయిపోతాయి, ఈసారి షాపువాడు సరైన ఎర్ర మూత సిరంజిలే ఇస్తాడు, ఇంట్లోవాళ్లు అలవాటుగా మూడు గీతలు లాగుతారు. ఈసారి అవి నిజమైన మూడు యూనిట్లు. సరైన సిరంజి వచ్చిన రోజునే పిల్లి పడిపోతుంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. డోసు అంకె ఒక్కటే నోట్ చేసుకుంటే చాలదనడానికి కారణం ఇదే: ఏ ఇన్సులిన్, దాని బలం ఎంత, ఏ సిరంజి, ఎన్ని యూనిట్లు, ఈ నాలుగూ కలిపి ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అతికించాలి. కొందరు డాక్టర్లు 40 ఇన్సులిన్‌ని కావాలనే 100 సిరంజితో వేయమంటారు, ఒక యూనిట్ రెండున్నర గీతలవుతుంది కాబట్టి సన్నటి మార్పులు చేయడం సులువని. లెక్క సరైనదే, కానీ అది ఆ ఇంట్లో అందరికీ తెలిసి, పట్టికలా రాసి పెట్టుకుంటేనే. ఊరెళ్తూ పక్కింటివాళ్లకి నోటితో చెప్పి వెళ్లే పద్ధతి కాదు.

రాసే విషయంలోనే ఇంకొకటి. ప్రిస్క్రిప్షన్‌లో ఇంగ్లిష్‌లో 1 పక్కన యూనిట్‌కి గుర్తుగా యూ అక్షరం ఒక్కటే రాస్తే, గబగబా రాసిన ఆ యూ సున్నాలా కనిపించి 10 అయిపోతుంది. మనుషుల ఆసుపత్రుల్లో ఈ తప్పు ఎన్నాళ్లుగానో జరుగుతున్నదే, అందుకే యూనిట్ అనే మాట పూర్తిగా రాయాలని పట్టుబడతారు. పిల్లికి పది యూనిట్లు అంటే చెప్పక్కర్లేదు. చీటీ మీద "ఒక యూనిట్" అని తెలుగులో రాయించుకోండి, లేదా మీరే రాసుకుని డాక్టర్‌కి చూపించండి.

సిరంజి ఎంపికలో పెద్దగా చర్చ లేదు. గ్లార్జిన్ వాడేవాళ్లకి 0.3 మిల్లీలీటరు సిరంజి, అర యూనిట్ గీతలు ఉన్నది దొరికితే ఇంకా మంచిది. ఒక మిల్లీలీటరు 100 సిరంజిలో ఒక్కో గీతా రెండు యూనిట్లు, దాంతో పిల్లికి ఒక యూనిట్ కొలవడం అంటే గీతకి ముందు సగం ఎక్కడో అని ఊహించడమే. లాగేటప్పుడు సిరంజిని కంటికి సమానంగా, సూది పైకి ఉండేలా పట్టుకుని, నల్ల రబ్బరుకి సూది వైపు ఉన్న అంచుని గీతతో కలపాలి. పై నుంచి వంగి చూస్తే ఒక అంకె, కింద నుంచి చూస్తే ఇంకో అంకె కనిపిస్తుంది. బుడగ పడితే కంగారు అక్కర్లేదు, చర్మం కింద గాలి వెళ్లినా ప్రమాదం లేదు. కానీ ఇంత చిన్న డోసులో ఒక బుడగ పావు యూనిట్ చోటు తినేస్తుంది, కాబట్టి నాలుగైదు యూనిట్లు లాగి, గోటితో రెండు తట్టి, బుడగ పైకి వచ్చాక మిగతాది తిరిగి సీసాలోకి నెట్టి కావాల్సిన గీత దగ్గర ఆపాలి. ఒక్కో కంపెనీ సిరంజికీ సూది దగ్గర మిగిలిపోయే మందులో చిన్న తేడాలుంటాయి. ఒకటి అలవాటయ్యాక అదే కొనడం మంచిది. విదేశాల్లో కొందరు పిల్లుల యజమానులు డిజిటల్ కాలిపర్స్ పెట్టి అర గీతలో సగం కూడా కొలుస్తారు. అంత అక్కర్లేదనే చెప్పాలి, కానీ వాళ్ల వెర్రిలో ఒక న్యాయం ఉంది: ప్రతిసారీ ఒకేలా కొలవడం, కచ్చితంగా కొలవడం కంటే ఎక్కువ పనికొస్తుంది.

పెన్ను వాడొచ్చా అంటే వాడొచ్చు, డయల్ తిప్పితే టక్ మని ఒక యూనిట్. చిక్కేమిటంటే చాలా పెన్నుల్లో ఒకటి తర్వాత రెండే, ఒకటిన్నర ఉండదు. అర యూనిట్ తిరిగే పిల్లల పెన్నులు కొన్ని ఉన్నాయి, అన్ని షాపుల్లోనూ దొరకవు. సూది మార్చిన ప్రతిసారీ రెండు యూనిట్లు గాలిలోకి వదలాలి, పిల్లి డోసు కంటే వదిలేదే ఎక్కువ. టౌజియో అనే పెన్ను కూడా గ్లార్జినే, కానీ మిల్లీలీటరుకి 300 యూనిట్లు. గ్లార్జిన్ కదా అని దాంట్లోంచి సిరంజితో లాగితే మూడింతలు వెళ్తుంది. పెన్ను లోపలి కార్ట్రిడ్జ్‌లో సిరంజి గుచ్చి లాగే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అలా ఒకసారి లాగినదాన్ని మళ్లీ పెన్నుగా వాడకూడదు, లోపల గాలి చేరి డయల్ చెప్పే అంకె అబద్ధమవుతుంది.

విశాఖలో షుగర్ మనిషి లేని ఇల్లు తక్కువ. కాబట్టి పిల్లికి షుగర్ అనగానే ఎవరో ఒకరు "ఫ్రిజ్‌లో నాన్నగారి ఇన్సులిన్ ఉంది కదా" అంటారు. ఆ సీసా ముప్పై-డెబ్భై మిక్స్ అయితే అందులో ముప్పై శాతం గబగబా పనిచేసే ఇన్సులిన్. పిల్లి శరీరం మామూలుగానే ఇన్సులిన్‌ని మన కంటే తొందరగా ఖర్చు చేస్తుంది, అందుకే మనకి రోజంతా వచ్చే గ్లార్జిన్ కూడా వాటికి పన్నెండు గంటలకోసారి వేస్తారు. గబగబా పనిచేసేది వేస్తే రెండు మూడు గంటల్లో షుగర్‌ని నేలకి దించి, సాయంత్రానికి మళ్లీ ఆకాశానికి ఎక్కనిస్తుంది. ఏ ఇన్సులిన్ అనేది డాక్టర్ తేల్చాల్సిందే, ఫ్రిజ్‌లో ఏముందో చూసి కాదు. ఇద్దరి సీసాలూ ఒకే ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే పిల్లిది వేరే డబ్బాలో, పైన పెద్దక్షరాలతో దాని పేరు రాసి పెట్టండి. పిల్లి సిరంజి పెద్దాయనకి వెళ్లినా అంతే గొడవ.

దాచడం గురించి ఊరి వాతావరణం చూసి మాట్లాడాలి. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. ఫ్రీజర్ పెట్టె కింది అరలో, వెనక గోడకి ఆనించి పెడితే గడ్డకట్టొచ్చు, తలుపు అర నయం. వాడుతున్న గ్లార్జిన్ 30 డిగ్రీల లోపు 28 రోజులు బయట ఉండొచ్చని కంపెనీ చెబుతుంది, కానీ మే నెలలో గాజువాకలో పై అంతస్తు స్లాబు కింద గది 30 లోపు ఎప్పుడుంటుంది? ఎండాకాలం ఫ్రిజ్‌లోనే ఉంచి, ఒక్క డోసు లాగి మళ్లీ పెట్టేయడం తప్ప దారి లేదు. కరెంటు పోతే కుండలో పెట్టమనే సలహా వింటుంటాం. తడి ఇసుక పోసిన మట్టికుండ చల్లబడేది నీరు ఆవిరై పోవడం వల్ల. అనంతపురంలాంటి పొడి గాలిలో బాగా పనిచేస్తుంది. సముద్రం పక్కన, ఒళ్లంతా జిడ్డుగా ఉండే మన గాలిలో నీరు ఆవిరయ్యేదే తక్కువ, కాబట్టి కుండ కూడా తక్కువే చల్లబడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు చేయగలిగింది, ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తీయకుండా ఉండటం, ఆ తర్వాత థర్మాస్‌లోనో ఐస్‌క్రీమ్ డబ్బాలోనో ఐస్ వేసి, సీసాకి ఐస్ తగలకుండా తువ్వాలు చుట్టి పెట్టడం. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే కొవ్వొత్తులతో పాటు కొత్త సీసా ఒకటి తెచ్చుకోవాలి. ఎండకి చెడిన ఇన్సులిన్ చాలాసార్లు చూడ్డానికి బాగానే ఉంటుంది. షుగర్ ఉన్నట్టుండి దిగడం మానేస్తే డోసు పెంచేముందు సీసాని అనుమానించండి.

గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉండాలి. మబ్బుగా కనిపిస్తే పారేయాలి, ఊపకూడదు, నీళ్లు కలిపి పలుచన చేయకూడదు. ఆమ్ల గుణం ఉండటం వల్లే అది సీసాలో కరిగి ఉంటుంది, చర్మం కిందికి వెళ్లాక సన్నటి రేణువులుగా మారి నెమ్మదిగా కరుగుతుంది. కలిపితే ఆ లెక్కంతా పోతుంది. పాలలా తెల్లగా ఉండే రకాలు వేరు, వాటిని వాడేముందు కలపాలి, ఎలా కలపాలో ఆ పెట్టెలో కాగితం చెబుతుంది.

సూది వేయడం గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది, చేస్తేనే వస్తుంది. మెడ వెనకే వేయాలని చాలామంది అనుకుంటారు, అక్కడ రక్త ప్రసరణ తక్కువ. పక్కటెముకల వైపు, డొక్క దగ్గర చర్మం కింద వేస్తే ఒళ్లు మందుని బాగా పీల్చుకుంటుంది. రోజూ చోటు కొంచెం మార్చాలి. బొటనవేలూ చూపుడువేలూ మధ్య చర్మం డేరాలా ఎత్తి, దాని మొదట్లో సూది దించి నెట్టేయాలి. రెండు తప్పులు మామూలే: బొచ్చులోకి వేసేయడం, లేదా సూది చర్మం అవతలి వైపు నుంచి బయటికి రావడం. రెండింట్లోనూ బొచ్చు తడుస్తుంది, ఇన్సులిన్‌కి ఒక ఘాటైన మందు వాసన ఉంటుంది, ముక్కు పెట్టి చూస్తే తెలుస్తుంది. అప్పుడు ఎంత లోపలికి వెళ్లిందో ఎవరూ చెప్పలేరు కాబట్టి మళ్లీ వేయకూడదు. ఈ ఒక్క మాట దగ్గర బేరం లేదు. ఒక పూట షుగర్ ఎక్కువ ఉంటే పిల్లి నాలుగు గుక్కల నీళ్లు ఎక్కువ తాగి, నాలుగుసార్లు ఎక్కువ మూత్రం పోస్తుంది. రెండు డోసులు పడితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. మర్చిపోయిన డోసుకీ ఇదే: తర్వాతి పూట రెండు కలిపి వేయడం ఉండదు. ఇంట్లో ఇద్దరు చూసుకునే చోట "నువ్వు వేశావా, నేను వేశానా" అనే అనుమానం రోజూ వస్తుంది, క్యాలెండర్‌లో టిక్కు పెట్టిందే సాక్ష్యం. టిక్కు లేకపోయినా అనుమానం ఉంటే వేయకండి.

పన్నెండు గంటల తేడా అనేది ఈ ఊళ్లో కొందరికి పెద్ద పరీక్ష. స్టీల్‌ప్లాంట్‌లోనో పోర్టులోనో ఏ, బీ, సీ షిఫ్టులు మారుతూ చేసేవాళ్లు ఏ రెండు టైములు పెట్టుకున్నా ఏదో ఒక షిఫ్టులో కుదరదు, ఎందుకంటే మూడు షిఫ్టులూ కలిపితే గడియారం మొత్తం నిండిపోతుంది. షిఫ్టు మారినప్పుడల్లా పిల్లి టైము మార్చడం కంటే, ఇంట్లో ఇంకొకరికి నేర్పించడమే దారి. ఒక గంట అటూ ఇటూ అయితే కొంప మునగదు. మూడు నాలుగు గంటలు లేటైతే వేయాలా మానాలా అన్నది డాక్టర్‌ని ముందే అడిగి చీటీలో రాసి పెట్టుకోవాలి. తిండికీ అంతే. ముందు గిన్నె పెట్టి, తినడం మొదలుపెట్టాకే సూది. అసలు ముట్టకపోతే, వాంతి చేసుకుంటే, డోసు తగ్గించాలా ఆపాలా అనే మాట కూడా ముందే అడిగి పెట్టుకోవాల్సినదే. చాలామంది డాక్టర్లు సగం వేయమంటారు, కొందరు ఫోన్ చేయమంటారు.

గ్లూకోమీటర్ లేకుండా ఇంట్లో ఇన్సులిన్ వేయడం కళ్లు మూసుకుని బండి నడపడమే. క్లినిక్‌లో తీసిన అంకెని నమ్మలేకపోవడానికి కారణం ఉంది. బుట్టలో కుక్కి, ఆటోలో మద్దిలపాలెం దాకా హారన్ల మధ్య తీసుకెళ్లి, పక్కన కుక్క మొరుగుతుంటే బల్ల మీద పెట్టిన పిల్లికి, షుగర్ జబ్బు లేకపోయినా భయంతోనే చక్కెర 300 దాటొచ్చు. (అందుకే జబ్బు ఉందో లేదో తేల్చేటప్పుడు గత రెండు వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమైన్ పరీక్ష అడుగుతారు.) ఇంట్లో అయితే చెవి అంచున నరం పక్కన వెచ్చటి గుడ్డతో కాసేపు అద్ది, వెనక దూది పెట్టి గుచ్చితే చిన్న చుక్క వస్తుంది. స్ట్రిప్‌కి అది చాలు. మనుషుల మీటర్ వాడొచ్చు, కానీ అది పిల్లి రక్తంలో చాలావరకు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మన రక్తంలో గ్లూకోజ్‌లో 42 శాతం దాకా ఎర్రకణాల్లో ఉంటుంది, పిల్లి రక్తంలో 7 శాతమే, మిగతాదంతా ప్లాస్మాలో. మీటర్ లోపలి లెక్క మన రక్తానికి కట్టింది. ఆల్ఫాట్రాక్ లాంటి జంతువుల మీటర్లు పిల్లికీ కుక్కకీ వేరే కోడ్ పెట్టుకునేది అందుకే. ఏ మీటరైనా ఫరవాలేదు, అది ఏ రకమో డాక్టర్‌కి చెప్పి, మధ్యలో మార్చకుండా ఉంటే చాలు.

ఒక్క అంకె చూసి డోసు మార్చే తొందర మాత్రం వద్దు. మనుషుల మీటర్లకి ప్రమాణమే 100 దాటితే 15 శాతం అటూ ఇటూ. 250 అంటే 213 నుంచి 287 దాకా ఏదైనా కావొచ్చు. డోసు వేసిన దగ్గర్నుంచి రెండు గంటలకోసారి, పన్నెండు గంటలపాటు చూసి గీసిన గీత చెప్పే కబురు వేరు. అన్నిటికంటే కిందికి ఎంత దిగింది, ఎన్ని గంటలకి దిగింది అనేదే డోసుని తేలుస్తుంది, సూది వేసేముందు చూసే అంకె ఒక్కటే కాదు. పొద్దున 380 ఉన్న పిల్లి మధ్యాహ్నం 90 కి దిగుతుంటే, పొద్దుటి అంకె చూసి పెంచేసినవాళ్లు దాన్ని 40 కి పంపిస్తారు. మార్పు చేస్తే అర యూనిట్, కొత్త డోసుని కనీసం వారం చూడటం. భుజం దగ్గర బొచ్చు గీసి, చక్కెరని ఆగకుండా కొలిచే ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సర్ అంటించే పద్ధతి ఇప్పుడు డాక్టర్లు బాగానే వాడుతున్నారు. పద్నాలుగు రోజులు ఉండాల్సింది, పిల్లి దయ ఉంటే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి "సూదికి ముందు ఇంతకంటే తక్కువుంటే వేయకుండా ఫోన్ చేయండి" అనే అంకె ఒకటి డాక్టర్ ఇవ్వాలి, ఇవ్వకపోతే అడగండి.

చక్కెర 60 కిందికి పోయినా, అంకెతో పని లేకుండా పిల్లి తూలుతున్నా, వణుకుతున్నా, పిలిస్తే పలక్కుండా శూన్యంలోకి చూస్తున్నా, ముందు తిండి పెట్టాలి. తినే స్థితిలో లేకపోతే తేనో, గ్లూకోజ్ పొడి నాలుగు చుక్కల నీళ్లలో కలిపిన ముద్దో చిగుళ్లకి రుద్దాలి. గొంతులో పోయకూడదు, ఫిట్స్ వస్తుంటే పళ్ల మధ్య వేలు పెట్టకూడదు. కాస్త తేరుకున్నా సరే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే తేనె అరగంటలో అయిపోతుంది, లోపలి ఇన్సులిన్ ఇంకా గంటల తరబడి పనిచేస్తుంది. రాత్రి తెరిచి ఉండే జంతువుల డాక్టర్ ఎవరు, ఫోన్ నంబర్ ఏమిటి అనేది ఆ రాత్రి వెతుక్కునే విషయం కాదు.

డోసు పెంచుతూ పోతున్నా దిగకపోతే కొలతా సీసా చూశాక పిల్లి వైపు చూడాలి. దురదకి వేయించిన లాంగ్ యాక్టింగ్ స్టెరాయిడ్ ఇంజెక్షన్ వారాల తరబడి ఇన్సులిన్‌ని పనిచేయనివ్వదు, అసలు కొన్ని పిల్లులకి షుగర్ తెచ్చేదే అది. చీము పట్టిన పన్ను, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా అంతే. గ్రోత్ హార్మోన్ ఎక్కువగా ఊరే జబ్బు ఒకటుంది, బ్రిటన్‌లో షుగర్ పిల్లుల్ని పెద్ద ఎత్తున పరీక్షిస్తే దాదాపు నాలుగో వంతులో అది ఉండొచ్చని తేలింది. మన దగ్గర దానికోసం చూసేవాళ్లు తక్కువ.

తిండి మాట చివర్లో వచ్చింది కానీ ప్రభావంలో చివరిది కాదు. మన ఇళ్లలో పిల్లికి పెరుగన్నం, పాలన్నం, చేపల పులుసు కలిపిన అన్నం పెడతారు, మోడరన్ ఇళ్లలో ప్యాకెట్ గింజలు. రెండింట్లోనూ పిండిపదార్థం ఎక్కువే. అన్నం తీసేసి ఉప్పూ కారం మసాలా లేని చేప, కోడిమాంసం, లేదా తడి ప్యాకెట్ ఫుడ్ వైపు మారిస్తే చక్కెర దానంతటదే దిగుతుంది. (ఉత్త చేపా మాంసమే నెలల తరబడి పెడితే వేరే లోపాలు వస్తాయి, ఏం కలపాలో డాక్టర్‌ని అడగాలి.) హార్బర్ దగ్గర చేపలు చవగ్గా దొరికే ఊళ్లో ఇదేం కష్టం కాదు. ప్రమాదం ఎక్కడంటే, డోసు అన్నం తినే పిల్లికి లెక్కకట్టింది. అన్నం మానిపించి అదే డోసు వేస్తే ఎక్కువైపోతుంది. తిండి మార్చే వారం మీటర్ ఎక్కువసార్లు చూడాలి, డాక్టర్‌కి చెప్పే మార్చాలి.

జబ్బు తొందరగా పట్టుకుని, బరువు తగ్గించి, పిండి తగ్గించి, గ్లార్జిన్‌తో చక్కెరని అదుపులో పెట్టిన పిల్లుల్లో కొన్నింటికి నెలల్లోనే ఇన్సులిన్ అక్కర్లేకుండా పోతుంది. అది ముందుగా కనిపించేది మీటర్‌లో, సూదికి ముందు అంకెలు వరసగా 100, 110 వస్తూ. అప్పుడు ఒకటి నుంచి అర, అర నుంచి రోజుకొక్కసారి, తర్వాత ఆపడం, ఇదంతా డాక్టర్ చెప్పిన క్రమంలోనే. ఆపేశాక కూడా వారానికోసారి చెవి గుచ్చి చూస్తూ ఉండాలి, మళ్లీ తిరగబెట్టే పిల్లులూ ఉన్నాయి. ముఖ్యంగా ఎవరైనా కొత్త డాక్టర్ దురదకి స్టెరాయిడ్ వేస్తానంటే దీనికి ఒకప్పుడు షుగర్ ఉండేదని ముందే చెప్పాలి. మిగిలిన సూదులు ఫినాయిల్ సీసాలాంటి గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, టేపు చుట్టి, జీవీఎంసీ (నగర కార్పొరేషన్) చెత్త బండివాళ్లకి సూదులని చెప్పి విడిగా ఇవ్వండి. చెత్త కవర్లో పడేస్తే గుచ్చుకునేది వాళ్ల చేతికే.